జనాభాలో ఎంత శాతాన్ని అడిగారన్నది ప్రశ్నే కాదు

ఏ సర్వే ఫలితం వెలువడినా మొదట వినిపించే అభ్యంతరం ఒకటే: కోట్ల మంది ఉన్న రాష్ట్రంలో నాలుగైదు వేల మందిని అడిగి అందరి మాటా ఎలా చెబుతారు? చదువుకున్నవారు సైతం దీన్ని తిరుగులేని వాదనగా భావిస్తారు. జనాభాలో కనీసం ఐదు శాతాన్నో, పది శాతాన్నో అడిగితేనే నమ్మదగిన ఫలితం వస్తుందన్న లెక్క విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లోనూ కనిపిస్తుంది. సహజంగా తోచినా ఈ అభిప్రాయం తప్పు. సాంఖ్యక శాస్త్రపు తొలి పాఠాల్లో అన్నిటికన్నా కీలకమైన భావనను సూత్రాల కింద పూడ్చిపెట్టి బోధించడం వల్లనే ఇది ఇంతకాలం బతికింది.

ఆ భావన ప్రతిచయన విభాజనం. తెలుసుకోదలచిన మొత్తం సమూహాన్ని సమష్టి అంటారు. దాని నుంచి ఒకే పద్ధతిలో, ఒకే పరిమాణంలో తీయగల శాంపిళ్లన్నిటినీ తీస్తే, వాటి సగటులు ఏయే విలువల దగ్గర ఎంత తరచుగా పడతాయో చూపేదే ఈ విభాజనం. ఐదుగురు రైతులకు వరుసగా 1, 2, 3, 5, 9 ఎకరాలు ఉంటే వారి సగటు కమతం 4 ఎకరాలు. ఇద్దరేసి చొప్పున తీస్తే పది జంటలు వస్తాయి. మొదటి ఇద్దరూ పడిన జంట సగటు 1.5, చివరి ఇద్దరిది 7, సరిగ్గా 4 చూపేది 3, 5 ఎకరాల రైతుల జంట ఒక్కటే. అయినా పది సగటులనూ కూడి పదితో భాగిస్తే కచ్చితంగా 4 వస్తుంది. నలుగురేసి చొప్పున తీస్తే సగటులన్నీ 2.75కూ 4.75కూ మధ్య ముడుచుకుంటాయి. అంటే ఏ ఒక్క శాంపిలూ నిజం చెబుతానని పూచీ ఇవ్వదు గాని, శాంపిళ్లన్నీ నిజం చుట్టూ ఎంత మేర చెదురుతాయో లెక్క కట్టవచ్చు. సర్వేలో సంభావ్యత వర్తించేది ఆ పద్ధతికే తప్ప చేతికొచ్చిన ఒక్క అంకెకు కాదు.

ఈ చెదురుబాటు కొలతను ప్రామాణిక దోషం అంటారు. సమష్టి శాంపిల్ కన్నా చాలా పెద్దదైనప్పుడు, అది మనుషుల మధ్య ఉన్న తేడాలపైనా, శాంపిల్ పరిమాణపు వర్గమూలంపైనా ఆధారపడుతుంది; సమష్టి పరిమాణానికి అందులో దాదాపు పాత్ర లేదు. పదివేల మంది ఓటర్లున్న పట్టణంలో యాదృచ్ఛికంగా, అంటే ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండేలా, వెయ్యిమందిని తీసి అవునా కాదా అని అడిగితే, అభిప్రాయాలు చెరిసగంగా ఉన్నప్పుడు కూడా, వందలో 95 సార్లు ఫలితం నిజానికి 2.9 శాతం పాయింట్ల దూరంలోపే ఉంటుంది. మూడు కోట్ల ఓటర్లున్న రాష్ట్రంలో అదే వెయ్యిమందిని తీస్తే ఆ హద్దు 3.1 పాయింట్లు. అక్కడ పదిమందిలో ఒకరినీ, ఇక్కడ ముప్పై వేల మందిలో ఒకరినీ అడిగినా వచ్చిన తేడా 0.2 పాయింట్లే. ముందు గ్రామాలనూ, తర్వాత వాటిలో ఇళ్లనూ ఎంచే నిజ సర్వేల్లో ఈ హద్దు కొంత పెరుగుతుంది, కాని అది కూడా జనాభా పెద్దదైనందువల్ల కాదు.

సర్వేలను సమర్థించేవారు తరచుగా చెప్పే మాట, అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే తెలుస్తుందన్నది, ఈ విషయాన్ని సగమే చెబుతుంది. కుండలో వేడీ నీరూ అన్ని మెతుకులకూ ఒకేలా అందుతాయి. సమాజంలో ఆదాయం, కులం, ఊరు, చదువు ఎవరి వాటా వారికి వేరుగా పంచాయి. ఆ తేడాల నడుమ ఎంపిక ఒక పక్కకు ఒరగకుండా కాపాడేది యాదృచ్ఛికత. అది లేనప్పుడు పరిమాణం ఎంత పెంచినా ప్రయోజనం ఉండదని 1936లో అమెరికాలో రుజువైంది. లిటరరీ డైజెస్ట్ పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల వంటివాటి నుంచి సుమారు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు రాబట్టి, అధ్యక్ష ఎన్నికల్లో పోటీచేసిన లాండన్ గెలుస్తాడని ప్రకటించింది; ఆయన రెండే రాష్ట్రాల్లో గెలిచాడు.

సాంఖ్యక శాస్త్రవేత్త పి.సి.మహలనోబిస్ ఈ భావనను పొలాల్లోకే తీసుకెళ్లారు. బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణాన్ని అంచనా వేసే సర్వేలను 1937లో మొదలుపెట్టిన ఆయన, ఒకే ప్రాంతంలో రెండు శాంపిళ్లను విడివిడిగా తీసి, రెండు వేర్వేరు బృందాలతో సర్వే చేయించే పద్ధతిని రూపొందించారు. ఆ రెండు అంకెల మధ్య తేడాయే శాంపిళ్ల చెదురుబాటునూ, సిబ్బంది పొరపాట్లనూ కళ్లకు కట్టేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, మహలనోబిస్ నెలకొల్పిన సాంఖ్యక సంస్థలో చేరిన సి.ఆర్.రావు, పక్షపాతం లేని ఏ అంచనా సూత్రమైనా ఈ చెదురుబాటును ఎంతకన్నా తగ్గించలేదో చెప్పే హద్దును 1945లో నిరూపించారు. ఇంతటి వారసత్వం ఉన్న చోట డిగ్రీ విద్యార్థి టీ, కై-వర్గ పట్టికల్లో అంకెలు వెతకడంతోనే ఈ పాఠాన్ని ముగించడం బాధాకరం. పైన చెప్పిన పది జంటలనూ ఒకసారి తన చేత్తో రాసుకున్నవారికి పట్టిక వెనకనున్న అర్థం తెలుస్తుంది.

ఎగ్జిట్ పోల్స్ తప్పడాన్ని చిన్న శాంపిల్‌కు వ్యతిరేకంగా సాక్ష్యంగా చూపడమూ మామూలే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా సంస్థలు ఎన్డీయేకు 350కి పైగా స్థానాలు ఇవ్వగా వచ్చినవి 293. దోషం శాంపిల్ చిన్నదవడంలోనే ఉంటే కొన్ని సంస్థల అంకెలు పైకీ, కొన్నిటివి కిందికీ పోవాలి. దాదాపు అన్నీ ఒకే పక్కకు పోయాయంటే కారణాన్ని ఎవరిని ఎంచారు, ఎవరు జవాబు చెప్పలేదు, ఓట్లను సీట్లుగా ఎలా మార్చారు అన్నచోట వెతకాలి.

చిన్న శాంపిల్‌పై అనుమానం న్యాయమయ్యే సందర్భం ఒకటుంది. తెలంగాణలో ఐదువేల మందిని అడిగిన సర్వే రాష్ట్రం గురించి 1.4 పాయింట్ల హద్దుతో మాట్లాడగలదు. అదే సర్వేను 33 జిల్లాలకు చీల్చితే ఒక్కో జిల్లాకు మిగిలేది దాదాపు 150 మంది, హద్దు 8 పాయింట్లు. జిల్లా గురించి దాదాపు 3 పాయింట్ల హద్దుతో చెప్పాలంటే ఆ జిల్లాలోనే విడిగా వెయ్యిమంది కావాలి, దాని జనాభా ఐదు లక్షలైనా, నలభై లక్షలైనా.