ద్రాక్షతోటలో ఒక పూట, కృష్ణమీద ఒక పూట



ఈ నెల మన శీర్షికలో విహారయాత్రను గూర్చి నాలుగు మాటలు వ్రాస్తున్నాము. "పాస్టరుగారికి విహారయాత్రలతో ఏమి పని?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కాని మన పల్లె సంఘాల సంగతి మీకు తెలియనిది కాదు. చాలా ఇళ్ళనుండి ఒకరో ఇద్దరో హైదరాబాదు చేరారు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల కంపెనీలలో ఉద్యోగాలు చేస్తున్నారు. పంట ఇల్లు చేరాక తల్లిదండ్రులు వారిని చూడవస్తారు. వచ్చి ఏమి చేస్తారు? పదో అంతస్తులో తలుపు వేసుకొని కూర్చుంటారు. కొడుకు, కోడలు ఉదయం వెళితే రాత్రికి గాని రారు. లిఫ్టు ఎక్కాలంటే భయం, రోడ్డు దాటాలంటే భయం. మూడో రోజుకే "మమ్మల్ని ఊరి బస్సు ఎక్కించు నాయనా" అంటారు. పిల్లలు కూడ "వాళ్ళకు ఇక్కడ తోచదు" అని సరిపెట్టుకుంటారు.

ఇటువంటి కుటుంబాలకు ఒక్కరోజు కలిసి చేసే ప్రయాణం ఎంతో మేలు చేస్తుందని మేము చూశాము. మొన్నటి ఫిబ్రవరిలో ఒక శనివారం మా సంఘ కుటుంబాలు కొన్ని, వారి తల్లిదండ్రులతో కలిసి, ఒక బస్సు మాట్లాడుకొని ప్రొద్దున ద్రాక్షతోటకు, మధ్యాహ్నం నాగార్జునసాగరు లాంచీ ప్రయాణానికి వెళ్ళి వచ్చారు. మేమును వారితో ఉన్నాము.

హైటెక్ సిటీ నుండి ద్రాక్షతోటకా అని ఆశ్చర్యపోవద్దు. హైదరాబాదు ఒకప్పుడు ద్రాక్షకు పేరుపొందిన ఊరు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన ఇక్కడ ఒక రకమును ప్రవేశపెట్టారు. దాని పేరు అనాబ్-ఎ-షాహి, అంటే రాజద్రాక్ష. పెద్ద కాయ, తేనె రంగు, లోపల గింజ. తరువాతి కాలంలో గింజలేని థామ్సన్ రకం వచ్చింది. నగరం చుట్టూ మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు రాతి కడీలు పాతి, పైన తీగలు లాగి, పందిళ్ళు వేసి రైతులు ద్రాక్ష పండించారు. నగరం పెరిగేకొద్దీ భూమి ధర పెరిగింది, బోర్లలో నీరు తగ్గింది, కూలీలు దొరకడం కష్టమైంది. తోటలు ప్లాట్లయ్యాయి. మాదాపూర్ గుట్టల మధ్య సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న ఆనాటి ప్రధాని వాజపేయిగారు ప్రారంభించారు. దాని చుట్టూ ఎంత ఊరు లేచిందో మీ పిల్లలే మీకు చెబుతారు. అయినా ద్రాక్ష పూర్తిగా పోలేదు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రం ఉంది. కాపు కాలంలో చూడవచ్చినవారే గుత్తులు కోసుకొని, తూకం వేయించుకొని కొనుక్కొనే ఏర్పాటు అక్కడ జరుగుతూ వచ్చింది. నగరం అంచుల్లో కొందరు రైతులు కూడ అలాగే తమ తోటలలోనికి రానిస్తారు.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. మా బస్సు సంగతి విని ఒక తల్లి "ద్రాక్షతోట యాత్ర అంటే ద్రాక్షసారాయి తాగించే యాత్రేనటగా?" అని అడిగింది. ఆమె అడిగినది ఊరకనే కాదు. గోదావరి పుట్టిన నాసిక్ జిల్లాలోను, బెంగుళూరు దగ్గర నంది కొండల దిగువను వైన్ తయారుచేసే తోటలున్నాయి. అక్కడ గైడు తోట చూపి, రసం పులియబెట్టే పెద్ద తొట్లు చూపి, చివరకు తలా కొంచెం రుచి చూపిస్తాడు. కంపెనీలు తమ ఉద్యోగులను అటువంటి చోట్లకు తీసుకొని వెళ్ళడం మామూలైంది. మా యౌవనస్థులు కొందరు "పోకపోతే తోటివారు వేరుగా చూస్తారు, ఏమి చేయమంటారు?" అని మమ్మును అడుగుతుంటారు.

తోట చూడడంలో, పని తెలిసికోవడంలో దోషం లేదని మేము వారికి చెబుతాము. గ్లాసు చేతికిచ్చినప్పుడు "నాకు అలవాటు లేదు, వద్దండి" అంటే చాలు. ఎదుటివాడు తాగుతున్నాడని అక్కడ ప్రసంగం చేయనక్కరలేదు. అయితే ఆ పిల్లలు ఒక సంగతి మరువకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగినది చదువుకున్నవారు కారు, కూలి డబ్బు సారా కొట్టుకు పోగా పస్తులున్న తల్లులు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. రెండేళ్ళకే, 1997లో, ఆ నిషేధం సడలిపోయింది. ఆ తల్లుల మనుమలే నేడు ఈ టవర్లలో పనిచేస్తున్నారు. వారి ఇంట్లో తాగుడు ఏమి చేసిందో కంపెనీ గైడుకు తెలియదు, వారికి తెలుసు.

బల్ల ఆరాధనకు పులియని రసం వాడుకకు వచ్చిన కథ కూడ మీకు చెప్పాలి. 1869లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, వైన్‌ల్యాండ్ అనే ఊళ్ళో థామస్ వెల్చ్ అనే పండ్ల డాక్టరు ఉండేవాడు. మెథడిస్టు సంఘస్థుడు. సంఘంలో బల్ల సిద్ధపరిచే పని ఆయనది. పాలు చెడకుండ కాచినట్టే ద్రాక్షరసాన్ని సీసాలలో పోసి వేడినీళ్ళలో ఉంచి, అది పులియకుండ నిలువచేసే పద్ధతి ఆయన కనుగొన్నాడు. మన పల్లెలలో అమ్మగారు ఎండుద్రాక్ష నానబెట్టి, కాచి, వడగట్టి బల్లకు రసం తీస్తారు గదా. ఇవన్నీ మేము తోటకు పోయేదారిలో బస్సులో చెప్పాము. ఆ తల్లి అప్పుడు గాని స్థిమితపడలేదు.

ఇక తోట సంగతి. తోట రైతు పందిరి కింద మమ్మును నడిపిస్తూ తన పని వివరించాడు. ద్రాక్షకు ఏటా రెండు కత్తిరింపులు. ఏప్రిల్ నెలలో కోసేది కొత్త కొమ్మ కోసం. ఆ కొమ్మ ఎండలో ముదిరి, దాని కళ్ళలో కాపు దాగి ఉంటుంది. అక్టోబరులో మళ్ళీ కోస్తారు, అది కాయ కోసం. నాలుగు నెలలు దాటితే గుత్తి చేతికొస్తుంది. మా పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు గాని ఈ మాటలు వారికి అంతగా ఎక్కలేదు. అప్పుడు నల్లగొండ జిల్లానుండి వచ్చిన ఒక పెద్దాయన ముందుకు వచ్చాడు. ఆయనకు బత్తాయి తోట ఉంది. అంతవరకు బస్సులో కిటికీ పక్క మౌనంగా కూర్చున్న మనిషి.

"అయితే మా బత్తాయి లెక్కనే అన్నట్టు" అన్నాడు ఆ రైతుతో. "మేము కత్తిరించం. నీళ్ళు ఆపి చెట్టును బెట్టకు పెడ్తం. ఆకు వాడుతది. చూసేటోడికి చెట్టు చస్తున్నదనిపిస్తది. అటెంక నీళ్ళిడిస్తే చెట్టంత పూతే."

అక్కడినుండి ఆయనే మాకు గైడయ్యాడు. ఏ కొమ్మ ముదురో, ఏ కొమ్మ లేతో పట్టి చూపించాడు. మందు కొట్టిన తోట గనుక కాయను కడగకుండ నోట పెట్టవద్దని పిల్లలను మందలించాడు. ఆయన కొడుకు, హైటెక్ సిటీలో పెద్ద జీతగాడు, వెనుకనుండి "ఇవన్నీ మా నాయనకు ఇంత బాగా తెలుసని నాకు తెలియదు" అన్నాడు మాతో మెల్లగా. నగరంలో అన్నిటికీ కొడుకు వెనుక నడిచిన తండ్రి ఆ పందిరి కింద ముందు నడిచాడు.

తోటనుండి బయలుదేరి సాగరు చేరేసరికి మధ్యాహ్నమయింది. నగరంనుండి సుమారు 150 కిలోమీటర్లు. డ్యాము దిగువన వంతెన దాటి కుడిగట్టున విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాము. అక్కడినుండి నాగార్జునకొండ ద్వీపానికి ముప్పావుగంటకు పైగా ప్రయాణం. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఈ డ్యాముకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడుదల చేశారు. నీరు నిండితే 590 అడుగులు. మనం లాంచీలో పోయే నీటి కిందనే ఒకప్పటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. లోయ మునగకముందు 1954 మొదలు ఆరేళ్ళు అక్కడ త్రవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలను, కట్టడాలను గుట్టమీదికి చేర్చారు. అదే నేటి ద్వీపం. అక్కడి మ్యూజియం 1966లో తెరిచారు. కొంత ఊరు, కొంత పొలం నీటి కింద పోతే నల్లగొండ, ఖమ్మం, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో వరి పండింది. హైదరాబాదుకు వచ్చే తాగునీటిలో పెద్ద భాగం కూడ 2004 నుండి ఈ కృష్ణదే.

ఆ పెద్దాయన, కొడుకు లాంచీలో ఒక మూల కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. సంగతి తరువాత మాకు తెలిసింది. ఫ్లాటు కొనడానికి మొదటి కంతు కట్టాలి, బత్తాయి తోటలో రెండెకరాలు అమ్మమని కొడుకు అడిగి ఏడాది దాటింది. ఫోనులో ఎప్పుడు మాట ఎత్తినా ఎవరో ఒకరు కోపంతో పెట్టేసేవారు. ఆ రోజు కోపం రాలేదు. ఏమి తేల్చుకున్నారో మేము అడగలేదు. అది వారి ఇంటి మాట. కాని ఆ మాట ఫోనులో కాక ఎదురెదురుగా, తోట చూసివచ్చిన కళ్ళతో మాట్లాడుకోవడం మంచిదయింది.

నీటి ప్రయాణం గనుక ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణలో అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం, పాపికొండలు చూడబోయిన బోటు అప్పటి తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల వరద ఉండగా బయలుదేరిన బోటు అది. అందులో హైదరాబాదువారు, వరంగల్లువారు, విశాఖవారు ఉన్నారు. సుమారు 50 మందిని ఏరు మింగింది. 26 మందిని ఒడ్డున ఉన్న గిరిజన గ్రామస్థులు కాపాడారు. భోజన సమయమని కొందరు లైఫ్ జాకెట్లు తీసివేశారని బ్రతికినవారు చెప్పారు.

కనుక పడవ ఎక్కేముందు ఇంటి పెద్ద ఎవరైనా సరే నోరు తెరిచి అడగాలి. పడవకు అనుమతి పత్రం ఉన్నదా? ఎంతమందికి అనుమతి, ఇప్పుడు ఎంతమంది ఎక్కారు? తలకొక జాకెట్టు, పసిపిల్లలకు సరిపోయే జాకెట్టుతో సహా, ఉన్నదా? ఏటిలో వరద ఎంత, గాలి ఎలా ఉంది? జవాబు సరిగా రాకపోతే కట్టిన డబ్బు పోయినా సరే దిగి రావాలి. ఎక్కిన తరువాత దిగేవరకు జాకెట్టు విప్పకూడదు. మా లాంచీలో ఎండకు ఉక్కపోస్తున్నదని ఒక అమ్మగారు విప్పబోతే మనుమరాలే మళ్ళీ ముడి వేసింది. "దేవుడే చూసుకుంటాడు" అని జాకెట్టు లేకుండ ఎక్కడం విశ్వాసం కాదు, ప్రియులారా.

మీరును ఇటువంటి ప్రయాణం పెట్టుకొంటే ఈ సంగతులు గుర్తుంచుకోండి. ద్రాక్ష ఫిబ్రవరి, మార్చి నెలల్లో చూడదగినది. నాగార్జునకొండ మ్యూజియంకు శుక్రవారం సెలవు. లాంచీ నీటిమట్టాన్ని, గాలిని, అధికారుల అనుమతిని బట్టి నడుస్తుంది గనుక ముందురోజే ఫోను చేసి అడగండి. చీకటితోనే బయలుదేరండి. భోజనం ఇంటినుండి తీసుకొని వెళితే ఖర్చు తగ్గుతుంది, పెద్దల కడుపుకూ మంచిది. మోకాళ్ళ నొప్పులున్నవారికి లాంచీ మెట్ల దగ్గర చేయి అందించేవారిని ముందే నియమించండి. బి.పి., షుగరు మాత్రలు పెద్దల సంచిలో కాదు, పిల్లల జేబులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, తిరుగుప్రయాణానికి రాత్రి ప్రొద్దుపోయేదాక ఆగవద్దు. డ్రైవరు కూడ ఒక ఇంటి బిడ్డే.

పల్లెలోని తల్లిదండ్రులారా, పిల్లలు రమ్మంటే "మా కోసం అంత ఖర్చెందుకు" అని వెనుదీయకండి. వెళ్ళండి. మీకు తెలిసినది వారికి చూపించండి. పట్నంలోని బిడ్డలారా, అమ్మా నాన్నలు వచ్చినప్పుడు పెద్ద పెద్ద షాపులు చూపి అలసిపోనివ్వకండి. వారు తలెత్తి మాట్లాడగల చోటికి, మట్టి ఉన్నచోటికి, నీరున్నచోటికి ఒక్కరోజు తీసుకొనిపొండి. సెలవు దొరకదని అంటారేమో, ఆ సెలవు ఇప్పుడే అడిగి ఉంచుకోండి. ద్రాక్ష కాపు ఏటా వస్తుంది గాని, పెద్దలు ఏటా బస్సు ఎక్కగలరని చెప్పలేము.

ప్రభువు మీ ప్రయాణములందు మీకు తోడైయుండును గాక.