వజ్రాల దారిలో బందరు బండి

వేసవి సెలవులొస్తే మా కృష్ణా డెల్టా పిల్లలకి ఒక కరువు తెలిసొస్తుంది. కాలవలున్నాయి, చేపలున్నాయి, మామిడికాయలున్నాయి, మంగినపూడి వెళ్తే సముద్రం ఉంది. కొండ మాత్రం లేదు. బందరులో గానీ, గుడివాడలో గానీ, అటు దివిసీమలో గానీ నిలబడి నాలుగు దిక్కులూ చూస్తే ఎత్తుగా కనబడేవి తాటిచెట్లు, సెల్‌టవర్లు, రైసుమిల్లు గొట్టాలు. మట్టి తవ్వితే మళ్లీ మట్టే. గులకరాయి కావాలన్నా కంకర లారీ వచ్చి దింపిపోవాలి.

ఈసారి ఇంట్లో తీర్మానం చేశారు, కొండలెక్కాల్సిందేనని. అరకు అన్నారు, ఊటీ అన్నారు. రైలు టికెట్లు చూస్తే వెయిటింగ్ లిస్టు చాంతాడంత. "మన ఊరి రోడ్డే పట్టుకుని పోదాం, కొండలూ వస్తాయి, గనులూ వస్తాయి" అన్నాను. గనులనగానే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టారు. అప్పటికే వాళ్ల బుర్రల్లో సొరంగాలు, టార్చిలైట్లు, తలమీద టోపీలు, కేజీఎఫ్ సినిమా!

నిజానికి బందరువాడికి వజ్రాల గనుల దారి కొత్తదేం కాదు. పూణె నుంచి హైదరాబాదు, బెజవాడల మీదుగా వచ్చే 65వ నెంబరు జాతీయ రహదారి మా ఊళ్లోనే ఆగుతుంది. పాతవాళ్లకి ఇప్పటికీ అది తొమ్మిదో నెంబరు రోడ్డే. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి సముద్రపు గుమ్మం బందరు. 1600ల మొదట్లోనే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి ఇక్కడ దుకాణాలు తెరిచారు. అద్దకం బట్టలు కొన్నారు, ఆపైన వజ్రాల మీద కన్నేశారు. బందరు ఇంగ్లీషు కొఠీలో పనిచేసిన విలియం మెథోల్డ్ అనే ఆయన 1620 ప్రాంతంలో ఇక్కణ్ణుంచి బయల్దేరి కొల్లూరు గని చూసొచ్చి, అక్కడ ముప్పైవేల మంది పనిచేస్తున్నారని రాసిపెట్టాడు. 1652లో బందరులో ఓడ దిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ కూడా ఆ గని చూశాడు. ఆయన లెక్క అరవైవేలు.

చాలామంది గోల్కొండ వజ్రాలంటే గోల్కొండలో దొరికాయనుకుంటారు. గోల్కొండ బజారు మాత్రమే. ఘనమైన సరుకంతా కృష్ణ ఒడ్డుది.

ప్రయాణపు బలగం చెప్పాలి. మేము నలుగురం, దివిసీమ నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, గుడివాడలో ఎక్కిన మా పెద్ద తోడల్లుడి కుటుంబం. రెండు కార్లు, నాలుగు నీళ్ల క్యాన్లు, పులిహోర, బందరు లడ్డు రెండు కేజీలు. మే నెల గనక తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరాం. మే నెలలో ఆ వైపు వెళ్లడం తెలివైన పనేం కాదు. కానీ బళ్లకి సెలవులిచ్చేది అప్పుడే కదా!

కొండపల్లి దగ్గర మొదటి కొండ. ఖిల్లా దాకా ఘాట్ రోడ్డు ఉంది కనక అత్తయ్యగారు కూడా రాగలిగారు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట. పైనుంచి చూస్తే చుట్టూ గుట్టలు, పిల్లలకి అదే హిమాలయం. బొమ్మలకి వాడే తెల్లపొణికి చెట్టు ఈ గుట్టల్లోదే. దిగేటప్పుడు అందరూ తలా ఒక బొమ్మ కొన్నారు. తొమ్మిదింటికే రాళ్లు కాలుతున్నాయి.

అక్కణ్ణుంచి పరిటాల. హైదరాబాదు బస్సులో వెళ్లేవాళ్లందరికీ పరిటాల అంటే 2003లో నిలబెట్టిన 135 అడుగుల ఆంజనేయస్వామి. బస్సు కిటికీలోంచే దణ్ణం పెట్టుకుని నిద్రపోతారు. కానీ ఆ చుట్టుపక్కలంతా ఒకప్పటి వజ్రాల నేల. పక్కనున్న ఊరి పేరే గని ఆత్కూరు. 1766లో నిజాం సర్కారు జిల్లాల్ని ఇంగ్లీషువాళ్లకి ఇచ్చేసినప్పుడు కూడా పరిటాలనీ, గనులున్న మరికొన్ని ఊళ్లనీ తనకే అట్టిపెట్టుకున్నాడు. దాంతో చుట్టూ ఇంగ్లీషువాళ్ల రాజ్యం, మధ్యలో నైజాం ముక్క. దాదాపు నైజాం పాలన ముగిసేదాకా అలాగే ఉంది. రాజ్యం పోయినా రాయి వదల్లేదన్నమాట!

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం పరిటాలదని కొందరు, కొల్లూరుదని కొందరు అంటారు. కోయకముందు 410 క్యారెట్లు. గనిలో దొరికినవాడు తొడ కోసుకుని, ఆ గాయంలో రాయి దాచి పారిపోయాడనీ, ఓడలో కెప్టెను వాణ్ణి చంపి సముద్రంలో తోసేశాడనీ కథ. కథ సంగతి దేవుడెరుగు. అప్పటి మద్రాసు గవర్నరు థామస్ పిట్ దాన్ని 1702 ప్రాంతంలో కొన్నదీ, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మిందీ మాత్రం నిజం. పిట్ గారి మనవడు తర్వాత ఇంగ్లండు ప్రధానమంత్రి అయ్యాడు. తొడ కోసుకున్నవాడి పేరు కూడా ఎవరూ రాసిపెట్టలేదు.

"గని ఎక్కడ నాన్నా?" అన్నాడు మావాడు. పొలాల మధ్య మట్టిరోడ్డు మీద నిలబడి ఉన్నాం. చేలు, వాటి మధ్య ప్లాట్లకి పాతిన రాళ్లు. సొరంగం లేదు, టార్చికి పనిలేదు. వాడి మొహం మాడిపోయింది.

ఇక్కడి గనులు బొగ్గు గనుల్లాంటివి కావు. ఎక్కడో పుట్టిన వజ్రాలు ఏళ్ల తరబడి వానలకీ వరదలకీ కొట్టుకొచ్చి గులకరాళ్ల పొరల్లో చిక్కుకున్నాయి. మనిషి లోతో, రెండు మనుషుల లోతో తవ్వితే చాలు. నీళ్లు పడ్డాయంటే ఇక అక్కడ ఆశ లేనట్టే. టావెర్నియర్ చూసిన పని తీరు చెబుతుంటే మా అత్తయ్యగారు చెవులు రిక్కించారు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారట. చుట్టూ చిన్నగోడ కట్టిన కళ్లంలో పోసి, నీళ్లు పెట్టి, బురద పోగొట్టి ఎండబెట్టేవారు. ఎండినదాన్ని చేటలతో చెరిగి, గడ్డల్ని కర్రలతో దంచి, మళ్లీ చెరిగి, అప్పుడు వరసన కూర్చుని చేత్తో ఏరేవారు.

"అంటే మేం చేసే పనేగా! మేం రాళ్లు పారేసి బియ్యం ఉంచుకుంటాం, వాళ్లు రాళ్లే ఉంచుకున్నారు. కూలెంతో?" అన్నారావిడ.

టావెర్నియర్ ఆ లెక్కా రాశాడు. పనితనమున్న కూలీకి ఏడాదికి మూడు వరహాలు. యాభైమందిని కాయడానికి పన్నెండు మందికి తక్కువ కాకుండా కాపలా. కంటి కొసలో రాయి దాచుకుని దొరికిపోయినవాడి గురించి కూడా ఆయన రాశాడు. గనిలో దొరికిన పెద్ద రాళ్లు రాజుకే చెందాలని చట్టం. కూలీకి మిగిలింది మట్టే.

ఆ ఆశ ఇంకా చావలేదు. చందర్లపాడు మండలంలో గుడిమెట్ల అనే ఊరుంది. తొలకరి పడితే ఎక్కడెక్కడి నుంచో జనం పెళ్లాంబిడ్డలతో వస్తారు. చెట్ల కింద వంటలు, పగలంతా గుట్టమీద వంగి వెతుకులాట. ఏటా పేపర్లో వార్త వస్తుంది, ఫలానా కూలీకి లక్షల వజ్రం దొరికిందని. ఉత్తచేతులతో, చేసిన అప్పుతో బస్సెక్కినవాళ్ల గురించి వార్త రాదు. వాళ్లు వందల్లో ఉంటారు గనక అది వార్త కాదు కాబోలు.

రాత్రికి బెజవాడలో బంధువుల ఇంట్లో పడుకుని, మర్నాడు సత్తెనపల్లి మీదుగా బెల్లంకొండ వైపు వెళ్లాం. ఇది అసలు ప్రయాణం. రోడ్డు గుట్టల మధ్య మెలికలు తిరుగుతుంటే మా తోడల్లుడు స్టీరింగు గట్టిగా పట్టుకున్నారు. గుడివాడ రోడ్ల మీద ఆయనకి తెలిసిన మలుపులు కాలవగట్టు మలుపులే! ఎర్రమట్టి, ముళ్లకంపలు, మిరప కోసిన చేలు, మేకల మందలు. బెల్లంకొండ మీద పాతకోట కిందనుంచే చూశాం.

కొల్లూరు కథ కూడా చేలోనే మొదలైంది. టావెర్నియర్ విన్న ప్రకారం, జొన్నో సజ్జో చల్లుకుందామని ఒక పేదవాడు నేల తవ్వుకుంటుంటే పాతిక క్యారెట్ల రాయి తగిలింది. తర్వాత వందేళ్లకి అక్కడ ఒక పట్నం. ఆ ఊరిని ఆయన 'గని' అనే రాశాడు. మన మాటే. కోహినూరు అక్కడిదేనని వాడుక. అమెరికాలో ఉన్న నీలిరంగు హోప్ వజ్రం కూడా అక్కడిదేనని అంటారు. టావెర్నియర్ తీసుకెళ్లి పద్నాలుగో లూయీకి అమ్మిన నీలిరాయిని తర్వాత చెక్కగా వచ్చింది అదే. 1958లో దాని యజమాని మ్యూజియానికి దాన్ని మామూలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాడంటే పిల్లలు నమ్మలేదు.

ఆ కొల్లూరు ఇప్పుడు లేదు. 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు కింద మునిగిపోయింది. మేం వెళ్లేసరికి ఎండాకాలం గనక నీళ్లు లోపలికి జరిగాయి. ఒడ్డున పగుళ్లిచ్చిన ఒండ్రు, ఎండిన మోడులు, దూరంగా నిశ్చలంగా నీళ్లు, అవతల గుట్టలు. గేదెలు కాసుకుంటున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి దగ్గరకొచ్చాడు. వజ్రాలకోసం వచ్చామనుకున్నాడేమో, "ఇక్కడేం లేవయ్యా, అంతా నీళ్లే" అన్నాడు.

"మీ ఊరెక్కడ అన్నయ్యా?" అన్నారు అత్తయ్యగారు. ఆయన నీళ్లకేసి కర్ర చూపించాడు. అదుగో ఆ మోడు కనపడుతోందే, దానికి అటు రామాలయం, ఇటు మా ఇల్లు అన్నాడు. మాకు మోడొక్కటే కనపడింది. ఇప్పుడుంటున్నది పునరావాస కాలనీ. ఇల్లొచ్చింది, డబ్బొచ్చింది, కొడుకులు పంచుకున్నారు, చేను మాత్రం లేదన్నాడు. "మీది ఏ ఊరు చెల్లెమ్మా?"

అత్తయ్యగారు వెంటనే చెప్పలేదు. ఆవిడకి నాగాయలంక దగ్గర రెండెకరాల మాగాణి ఉంది. చివరాయకట్టు. పైవాళ్లందరూ తడుపుకున్నాక గానీ అక్కడికి చుక్క రాదు. నీళ్లు ఆలస్యమైతే నారు ఆలస్యం, నాట్లు ఆలస్యం, కోత సరిగ్గా తుపానుల నెలలో పడుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి ఆవిడ. నవంబరులో చేలో పంట ఉంటే ఇప్పటికీ రాత్రిళ్లు నిద్రపట్టదు. డెల్టాకి అదునులో నీళ్లివ్వడానికే పులిచింతల కట్టారు. 45.77 టీఎంసీలు. 2015 నుంచి పట్టిసీమ మీదుగా గోదావరి నీళ్లూ తోడయ్యాయి. కానీ అత్తయ్యగారి లెక్కలో పులిచింతల పులిచింతలే. ఇక్కడ వదిలిన నీళ్లు ప్రకాశం బ్యారేజీ చేరి, కాలవలో పడి, పులిగడ్డ దగ్గర ఆక్విడెక్టు మీదుగా నదిని దాటి దివిసీమలోకి వస్తాయి.

"దివిసీమ అన్నయ్యా. మీ ఊరి మీది నీళ్లే మా చేలో పారతాయి" అన్నారావిడ చివరికి.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "పండుతున్నాయా?" అన్నాడు.

"పండుతున్నాయి."

"ఎకరానికెంత?"

"ముప్పై బస్తాలు. తుపాను రాని ఏడు."

"మంచిదేలే" అని గేదెల వైపు చూశాడు. అత్తయ్యగారు కారులోంచి లడ్డు పొట్లం తెచ్చి చేతిలో పెట్టారు. అందులోంచి ఒకటి తీసి విరిచి, సగం మా చిన్నదానికిచ్చి, సగం తాను తిన్నాడు. మునగకముందు ఆ గుంటల్లో తాము కూడా వెతికామనీ, తనకెప్పుడూ ఏమీ దొరకలేదనీ చెప్పాడు. దొరికితే ఎవరైనా చెబుతారా అని మావాడు నా చెవిలో అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. నీడ లేదు, హోటలు లేదు, నీళ్లు మోసుకెళ్లాలి. ఒండ్రు ఎండినట్టు కనపడినా లోపల మెత్తగా ఉంటుంది, పిల్లల్ని దిగనివ్వద్దు. కార్తీకమాసంలో అయితే నీళ్లు నిండుగా, కొండలు పచ్చగా ఉంటాయి.

ఇంటికొచ్చాక చూస్తే పిల్లల బ్యాగుల నిండా గులకరాళ్లు. అత్తయ్యగారు వాటిని చేటలో పోసుకుని వరండాలో కూర్చుని, ఒక్కొక్కటీ వెలుగుకి పెట్టి చూసి పక్కన పడేశారు. ఒకటి మాత్రం కొంగుతో తుడిచి, నాగాయలంక వెళ్తూ వెంట తీసుకెళ్లారు. తులసికోట దగ్గర పెట్టారట.