కప్పు అందం సరే, కూలీ హక్ సంగతేంటి?

మొన్న జుమా నమాజ్ అయ్యాక మసీదు బయట చాయ్ దుకాణం దగ్గర పెద్ద బహస్ జరిగింది. ఒక కుర్రాడు ఫోన్‌లో వీడియో చూపిస్తున్నాడు. ఫుట్‌బాల్ ప్రపంచకప్ స్టేడియాలన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చే వీడియో. దక్షిణాఫ్రికాది ఇలా, బ్రెజిల్‌ది ఇలా, ఖతర్‌ది ఇలా, రేపు సౌదీలో రాబోయేది ఇలా అని. కింద సీట్లెన్ని, ఖర్చెంత. ఖతర్ వంతు రాగానే "సుభానల్లాహ్, మనవాళ్ళు కట్టారు చూడండి చాచా" అన్నాడు. నేను ఊరుకోలేక, "ఏ మనవాళ్ళు బేటా? కట్టించినవాళ్ళా, కట్టినవాళ్ళా?" అన్నాను. అంతే, అందరూ నా మీద పడ్డారు. గోరోళ్ళ పేపర్లు చదివి దిమాగ్ ఖరాబ్ చేసుకున్నానన్నారు. చాయ్ చల్లారిపోయింది గానీ నా జవాబ్ పూర్తి కాలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

ముందు తారీఫ్ చేయాల్సింది చేస్తాను, లేకపోతే బేఇన్సాఫీ అవుతుంది. అల్ ఖోర్‌లో కట్టిన అల్ బైత్ స్టేడియం బెదూయిన్ల గుడారంలా ఉంటుంది. 2022 నవంబర్ 20న అక్కడే ఘానిమ్ అల్ ముఫ్తా ఖురాన్ తిలావత్‌తో ప్రపంచకప్ మొదలైనప్పుడు మా ఇంట్లో అమ్మీ టీవీ ముందు తల మీద దుపట్టా సర్దుకుంది. అల్ సుమామాను అరబ్బు మగవాళ్ళు రూమాల్ కింద పెట్టుకునే గహ్ఫియా టోపీలా కట్టారు. దాని నక్షా ఖతర్ ఆర్కిటెక్ట్ ఇబ్రహీం జైదాది. అల్ జనూబ్ పాత కాలపు తెరచాప పడవల్ని గుర్తుకు తెస్తుంది. దాన్ని డిజైన్ చేసిన జహా హదీద్ బగ్దాద్‌లో పుట్టిన ఇరాకీ బిడ్డ. అల్ సుమామాలో మొరాకో పోర్చుగల్‌ను ఓడించిన రాత్రి మా మొహల్లాలో టపాసులు పేలాయి. పేల్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. రహీం సాబ్ హైదరాబాద్ నుంచి దేశానికి ఫుట్‌బాల్ నేర్పించిన నేల మనది. ఈ ఆట మీద నాకు నఫ్రత్ ఏమీ లేదు.

కానీ పోల్చేటప్పుడు ఏ తరాజులో తూస్తున్నాం అన్నదే సవాల్. కప్పు అందం, డాలర్లు చూస్తే ఖతర్ గెలుస్తుంది. ఇంకో రెండు విషయాలు అదే తరాజులో వేయండి. ఆట అయిపోయాక ఆ కట్టడం ఎవరికి పనికొచ్చింది? దాన్ని కట్టిన మజ్దూర్ తన హక్ అడగగలిగాడా?

మొదటి దానిలో అందరూ గునాగారులే. బ్రెజిల్ 2014లో పన్నెండు స్టేడియాలు సిద్ధం చేసింది. అమెజాన్ అడవి మధ్యలో మనౌస్ అనే ఊళ్ళో నలభై వేలకు పైగా సీట్లతో ఒకటి కట్టి, అందులో ఆడించింది నాలుగే నాలుగు మ్యాచ్‌లు. ఆ ఊరికి అప్పుడు మొదటి డివిజన్‌లో ఆడే టీమే లేదు. రాజధాని బ్రసీలియాలో అంతకంటే పెద్దది, అంతకంటే ఖరీదైనది కట్టారు; ఆట ముగిశాక దాని ఆవరణ బస్సులు నిలబెట్టుకోడానికి పనికొచ్చింది. 2010లో దక్షిణాఫ్రికా మ్బొంబెలా స్టేడియానికి పద్దెనిమిది జిరాఫీల ఆకారంలో స్తంభాలు నిలబెట్టి ముచ్చటగా కట్టింది. ఆ స్థలం కోసం బడి పిల్లల్ని తాత్కాలిక గదుల్లోకి తరలించారు. పిల్లలు రోడ్డెక్కి గొడవ చేశారు. జిరాఫీల ఫోటోలు దునియా అంతా చూసింది, ఆ పిల్లల్ని ఎవరు చూశారు? ఇదే ఇస్రాఫ్. మన దగ్గర షాదీలో బిర్యానీ పారబోస్తే ఖుత్బాలో నిలదీసే మనం, మొత్తం స్టేడియం పారబోస్తే వాహ్ అంటాం.

పాతవాటిని బాగుచేసుకున్న దేశాలూ ఉన్నాయి. 2006లో జర్మనీ ఎక్కువగా ఉన్న స్టేడియాలనే మరమ్మతు చేసుకుంది. బెర్లిన్‌లో ఫైనల్ ఆడింది 1936 నాటి కట్టడంలో. 2026 టోర్నీకి అమెరికా, కెనడా, మెక్సికో కలిసి పదహారు స్టేడియాలు ఎంచుకున్నాయి, అన్నీ ముందునుంచీ ఉన్నవే. మెక్సికో సిటీ అజ్తెకా 1970, 1986 ప్రపంచకప్‌లు చూసిన ముసలి మైదాన్. ఖతర్‌లో మాత్రం ఎనిమిదిలో ఏడు కొత్తగా లేచాయి. 1976 నాటి ఖలీఫా స్టేడియం ఒక్కటే పాతది. 2022లో దేశ జనాభా దాదాపు ముప్ఫై లక్షలు, అందులో సొంత పౌరులు పదోవంతు కంటే కాస్త ఎక్కువ. ఇన్ని సీట్లలో ఎవరు కూర్చుంటారని అడిగితే, పై అంతస్తులు విప్పి పేద దేశాలకు ఇస్తామని వాదా చేశారు. 974 కంటైనర్లతో కట్టిన స్టేడియాన్నైతే మొత్తంగా విప్పేస్తామన్నారు. 2024 డిసెంబర్‌లో కూడా అందులో మ్యాచ్‌లు ఆడారు. వాడుకోవడం తప్పని నేననను. విప్పుతామన్న మాటను పొగుడుతూ వీడియోలు చేసినవాళ్ళు ఆ తర్వాతి సంగతి అడగలేదని మాత్రమే అంటున్నాను.

ఇప్పుడు రెండో సవాల్. నా బాధంతా ఇక్కడే ఉంది.

2009 జూలైలో, అంటే టోర్నీకి ఏడాది కూడా లేనప్పుడు, దక్షిణాఫ్రికాలో దాదాపు డెబ్భై వేల మంది నిర్మాణ కార్మికులు హర్తాళ్ చేశారు. స్టేడియాల పని ఆగిపోయింది. దాదాపు వారానికి పన్నెండు శాతం జీతం పెంచుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళారు. ఒక్కరినీ విమానం ఎక్కించి ఊరికి పంపేయలేదు, ఎందుకంటే వాళ్ళది ఆ ఊరే. బ్రెజిల్‌లో పాపం జరగలేదని కాదు. 2013 నవంబర్‌లో సావో పాలో స్టేడియంలో క్రేన్ కూలి ఇద్దరు చనిపోయారు. కానీ అక్కడ చనిపోయినవాడికి యూనియన్ ఉంది, కోర్టు ఉంది, వీధిలోకి వచ్చి అరిచే జనం ఉన్నారు. ఖతర్ చట్టం ప్రకారం సంఘం పెట్టుకునే హక్ ఖతర్ పౌరుడికే. ఇటుక మోసేవాళ్ళలో ఖతర్ పౌరుడు ఎక్కడున్నాడు?

చావుల లెక్క దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడే రెండు వైపులా అబద్ధం నడుస్తోంది. 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక, టోర్నీ దక్కిన తర్వాతి పదేళ్ళలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల వాళ్ళు 6,500 మందికి పైగా ఖతర్‌లో చనిపోయారని రాసింది. అది అన్ని పనుల్లో, అన్ని కారణాల చావుల లెక్క. దాన్ని "స్టేడియాల కింద 6,500 శవాలు" అని తిప్పినవాళ్ళు ఝూట్ చెప్పారు. కానీ నిర్వాహకుల లెక్క వినండి: స్టేడియాల్లో పని వల్ల చనిపోయినవాళ్ళు ముగ్గురు. మరో ముప్ఫై ఏడుగురు పనితో సంబంధం లేకుండా పోయారట. తర్వాత టోర్నీ పెద్ద హసన్ అల్ సవాదీయే 2022 నవంబర్‌లో ఒక ఇంటర్వ్యూలో నాలుగైదు వందల మంది అన్నారు. మర్నాడు అది దేశమంతటి పని ప్రమాదాల లెక్క అని సర్దుబాటు చేశారు. ముగ్గురి నుంచి ఐదు వందల దాకా! ఒక ఇంట్లో మయ్యత్ లేస్తే లెక్క ఒకటే కదా, వీళ్ళకు ఇన్ని లెక్కలెందుకు? చాలా చావుల మీద "సహజ కారణాలు", "గుండె ఆగింది" అని రాసి పోస్ట్‌మార్టం లేకుండా పెట్టె పంపేశారు. పాతికేళ్ళ కుర్రాడికి గుండె ఎందుకు ఆగింది? జూన్ ఎండలో తొంభై నిమిషాలు ఆడటం ప్రమాదమని ప్రపంచకప్‌నే నవంబర్‌కు జరిపారు. ఆ స్టేడియాలు కట్టినవాడు ఎన్ని జూన్‌లు ఆ ఎండలోనే పని చేశాడు? మధ్యాహ్నం కొన్ని గంటలు పని ఆపే నియమం ఉందంటారు, ఉంది. దాన్ని ఉదయం పది నుంచి మూడున్నర దాకా పెంచింది 2021లో.

"వాళ్ళు కానూన్ మార్చారుగా" అంటారు మన సోదరులు. మార్చారు, ఆ మాటా రాస్తాను. కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు 2020లో ఇచ్చారు. వెయ్యి రియాళ్ళ కనీస జీతం, దాని మీద తిండికి మూడొందలు, బసకు ఐదొందలు అని రాసిన చట్టం 2021 మార్చిలో అమలైంది. మంచిదే. కానీ ఖలీఫా స్టేడియం 2017లో తెరిచారు, అల్ జనూబ్ 2019లో, ఎడ్యుకేషన్ సిటీ, అహ్మద్ బిన్ అలీ 2020లో. అంటే ఎనిమిదిలో నాలుగు కట్టేశాక ఆ చట్టం వచ్చింది. చెమట ఆరకముందే కూలీ చేతిలో పెట్టమన్న హదీస్ మన పిల్లలకు మక్తబ్‌లోనే నేర్పిస్తాం. ఇక్కడ చెమట ఆరింది, గోడ ఆరింది, రంగు కూడా ఆరింది.

ఇక గోరోళ్ళ మునాఫికత్ మాట. నిజమే, వాళ్ళలో చాలామందికి మన మజ్దూర్ మీద ప్రేమ కంటే అరబ్బు మీద కోపం ఎక్కువ. ఆ కంపెనీల్లో యూరప్ కంపెనీలు లేవా, లాభం తినలేదా? తిన్నాయి. ఫిఫా ఇంకా ఎక్కువ తింది. టీమ్‌లకు ఇచ్చిన ఇనామ్ 44 కోట్ల డాలర్లు. అంత మొత్తం మజ్దూర్లకు, చనిపోయినవాళ్ళ ఇళ్ళకు కూడా పెట్టమని ఆమ్నెస్టీ అడిగింది. ఫిఫా చివరికి 2024లో ఐదు కోట్ల డాలర్ల ఫండ్ ప్రకటించి, అందులో కూలీల పరిహారాన్ని పక్కన పెట్టింది. సరే, వాళ్ళు మునాఫిక్‌లే అనుకుందాం. అయితే జగిత్యాల బేవా డబ్బు మాఫీ అయిపోతుందా? పక్కవాడు నమాజ్ ఎగ్గొట్టాడని నా నమాజ్ మాఫ్ కాదు కదా.

మన హుకూమత్‌ను కూడా వదలను. 2020 సెప్టెంబర్‌లో, కరోనాలో ఉద్యోగాలు పోతున్న వేళ, కేంద్ర విదేశాంగ శాఖ గల్ఫ్‌కు వెళ్ళే మన కూలీల కనీస జీతాల సిఫారసును ముప్ఫై నుంచి యాభై శాతం దాకా తగ్గించింది. ఖతర్‌కు నెలకు రెండు వందల డాలర్లు చాలన్నారు. మన మనిషి ధర మన ఢిల్లీవాళ్ళే తగ్గించి చెప్పారు! దాని మీద వలస కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టులో కేసు వేస్తే, 2021 జూలైలో వెనక్కి తీసుకున్నారు. కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల గల్లీల్లో వెళ్ళి అడగండి, ఈ ఖబర్ ఎంతమందికి తెలుసో. అల్ బైత్ గుడారం అందరికీ తెలుసు.

ఇదంతా అయిపోయిన కథ అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2034 ప్రపంచకప్ సౌదీకి ఇచ్చారు. ఐదు నగరాల్లో పదిహేను స్టేడియాలు. నియోమ్‌లో నేలకు మూడు వందల యాభై మీటర్లకు పైగా ఎత్తులో మైదానం కడతామని బిడ్‌లో రాశారు. సౌదీలో కార్మిక సంఘాలకు అనుమతి లేదు. 2025 మార్చిలో అల్ ఖోబర్ స్టేడియం పనిలో ఒక పాకిస్తానీ మజ్దూర్ పై నుంచి పడి చనిపోయాడు. అప్పటికి టోర్నీకి ఇంకా దాదాపు తొమ్మిదేళ్ళుంది. హరమైన్ ఉన్న నేల కాబట్టి నోరు మూసుకోమంటారా? అక్కడే ఎక్కువ నోరు తెరవాలి. పరాయివాడు జుల్మ్ చేస్తే ఖండిస్తాం, అపనా వాడు చేస్తే దాస్తాం, ఇదేం దీన్‌దారీ?

చాయ్ దుకాణం దగ్గర వీడియో చూపించిన కుర్రాడు వెల్డింగ్ నేర్చుకున్నాడు. రియాద్‌కు వెళ్ళాలని చూస్తున్నాడట. ఏజెంటు లక్షా ఇరవై వేలు అడిగాడని చెప్పాడు. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోవాల్సింది ముప్ఫై వేలు, జీఎస్టీ అని చెబితే వాడు నమ్మలేదు. పదో తరగతి తప్పాడు కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, విజిట్ వీసా మీద మాత్రం ఎక్కొద్దు అన్నాను. కాంట్రాక్టులో జీతం ఎంత రాశారని అడిగాను. కాంట్రాక్టు ఇంకా చేతికి రాలేదు, పాస్‌పోర్టు మాత్రం ఏజెంటు దగ్గరే ఉంది అన్నాడు. ముందు అది వెనక్కి తీసుకురా అన్నాను. వచ్చే జుమాకు తెస్తానన్నాడు.