సముద్రపు పందెం మజిలీల్లో సీమ పిల్లలకూ చోటు: ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల ప్రతినిధుల సభ తీర్మానం

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల ఉపాధ్యాయులు, జలాశయాల మీద చేపలు పట్టి బతికే కుటుంబాలవారు, ముంపు గ్రామాల పెద్దలు, క్రీడాభిమానులు సమావేశమై చర్చించిన మీదట ఏకగ్రీవంగా చేసిన తీర్మానం ఇది.

భూగోళాన్ని చుట్టివచ్చే తెరచాప పడవల పందెం, అప్పట్లో వోల్వో ఓషన్ రేస్, 2008 అక్టోబరులో స్పెయిన్‌లోని అలికాంటే రేవు నుంచి బయల్దేరి, కేప్‌టౌన్ మీదుగా వచ్చి డిసెంబరులో కొచ్చిలో విడిది చేసింది. ఆ పందెం మన దేశపు రేవులో ఆగడం అదే మొదలు. మజిలీ అంటే పడవలు లంగరేసి సేదతీరడం ఒక్కటే కాదు. చిరిగిన తెరచాపలు కుట్టాలి. దెబ్బతిన్న చుక్కానులు బాగుచేయాలి. పడవను క్రేనుతో ఒడ్డుకెత్తి అడుగుభాగం పరీక్షించాలి. తర్వాతి దశకు తిండి, సామగ్రి సర్దాలి. వచ్చిన జనానికి బస, భోజనం చూడాలి. ఇవన్నీ ఊరికి పని తెచ్చేవే. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు దేశదేశాల యుద్ధనౌకలు తరలివచ్చిన విశాఖపట్నానికి అలాంటి మజిలీ దక్కాలని ఈ సభ మనసారా కోరుతోంది. రాష్ట్ర ప్రభుత్వం అందుకు ప్రయత్నించాలని విజ్ఞప్తి చేస్తోంది. ఆ సంబరం సముద్రపు ఒడ్డునే ఆగిపోకూడదని కూడా అంతే గట్టిగా చెబుతోంది.

సముద్రమే లేని రాయలసీమకు ఈ గొడవ ఎందుకని అడిగేవాళ్లుంటారు. మధ్యప్రదేశ్‌కు మాత్రం సముద్రం ఎక్కడుంది? భోపాల్ పెద్ద చెరువు మీద పడవ నడపడం నేర్చుకున్న దేవాస్ జిల్లా రైతుబిడ్డ నేహా ఠాకూర్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పోటీలు జరుగుతూనే ఉన్నాయి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి ఎక్కి, ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగుతూ ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. వాళ్ల సరసన జమ్మలమడుగు, బనగానపల్లె పిల్లల పేర్లు కూడా వినబడాలి.

పడవ మా నేలకు కొత్తది కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా సాగే కె.సి. కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది పైరు తడికోసం మాత్రమే కాదు, పడవల రాకపోకల కోసం కూడా. అందుకే దాని మీద లాకులు కట్టారు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. 1882లో ప్రభుత్వం కాలువను తన చేతుల్లోకి తీసుకుంది. పడవల దారిగా అది నిలబడలేదు గానీ, సాగుకాలువగా ఇప్పటికీ మాకు అన్నం పెడుతోంది. ఇక 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరమే నీట మునిగినప్పుడు, కరువుసీమలో కూడా పడవ నడిపే మనిషి విలువేమిటో అందరికీ తెలిసొచ్చింది.

శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణా నీళ్లు పోతిరెడ్డిపాడు, బనకచర్ల, గోరుకల్లు, అవుకు మజిలీలు దాటుకుంటూ గండికోట చేరతాయి. పూర్తిగా నిండితే గండికోటలో 26.85 టీఎంసీలు నిలుస్తాయి. ఆ నీళ్ల కింద తాళ్లప్రొద్దుటూరు ఉంది. 2020లో జలాశయం నింపుతుంటే ఇళ్ల దగ్గరికి నీళ్లెక్కాయి, జనం తలుపులూ కిటికీలూ ఊడదీసుకుని వెళ్లిపోయారు. అంతకు ముందు శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లు పోయాయి. ఆ నీటి మీద తొలి హక్కు ఎవరిదో ఈ సభ వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి అవుకు జలాశయం దగ్గర గానీ, గండికోట వెనుక జలాల్లో విశాలంగా ఉన్నచోట గానీ ప్రభుత్వ ఆధ్వర్యంలో తెరచాప పడవల శిక్షణ కేంద్రం నెలకొల్పాలని ఈ సభ తీర్మానిస్తోంది. కోట కింద పెన్న లోయ చూడ్డానికి అందమైనదే. కానీ గోడల్లాంటి కొండల మధ్య గాలి నిలకడగా ఉండదు, చిన్నపిల్లల శిక్షణకు అది తగదు. మా జలాశయాలకు వరదనీళ్లు వచ్చేది వానాకాలం నడిమధ్యలో. అందుకే శిక్షణ ఆగస్టు నుంచి సంక్రాంతి దాకా జరగాలి. ఎండాకాలం సెలవుల కోసం వేసుకున్న పట్టిక ఇక్కడ పనికిరాదు. సీట్లలో సగం ముంపు కుటుంబాల, మత్స్యకారుల పిల్లలకు కేటాయించాలి. ఆడపిల్లలకు హాస్టల్ ఉండాలి. ఈతరాని పిల్లల్ని, లైఫ్‌జాకెట్ లేని పిల్లల్ని ఒక్కరిని కూడా పడవెక్కించకూడదు.

ఈ కేంద్రం పేరుతో పుట్టి మీద వలవేసుకునే మనిషిని నీటి నుంచి నెట్టేస్తే ఈ సభ ఒప్పుకోదు. వాళ్ల వలల చోటు, వేళలు ముందుగా గుర్తించి, పోటీల తేదీలు వాళ్లతో కూర్చుని ఖరారు చేయాలి. పోటీల కోసమని సాగునీరు, తాగునీరు ఒక్క క్యూసెక్కు కూడా ఆపరాదు. శ్రీశైలంలో ఎన్ని అడుగుల మట్టం ఉంటే పోతిరెడ్డిపాడుకు నీళ్లందుతాయో బడిపిల్లలు కూడా చెప్పే ప్రాంతం ఇది. నీళ్లు తగ్గితే పడవలు ఒడ్డెక్కాలి, కాలువ మాత్రం పారాలి.

విశాఖకు మజిలీ ఖాయమైతే, తెరచాపల కుట్టు, ఫైబర్ పడవల మరమ్మతు పనుల్లో కర్నూలు, నంద్యాల, కడప ఐటీఐ విద్యార్థులకు ముందే శిక్షణ ఇచ్చి అక్కడ పని కల్పించాలని కూడా ఈ సభ కోరుతోంది.

ఈ తీర్మానం ప్రతులను రాష్ట్ర పర్యాటక, క్రీడా, జలవనరుల, మత్స్యశాఖలకు, ఉమ్మడి రెండు జిల్లాల శాసనసభ్యులకు పంపాలని, మూడు నెలల్లోగా జవాబు రాకపోతే సభ్యులందరూ అవుకు కట్ట మీద మళ్లీ సమావేశం కావాలని తీర్మానించడమైనది.