వెనకాలే వచ్చే ‘కప్ప’!

అమెరికాలో రిటైరైన దంపతులు కొందరు మోటార్‌హోమ్ ఎక్కి నెలల తరబడి ఊళ్లు తిరుగుతుంటారు. పాల ప్యాకెట్ కోసం బస్సంత ఇంటిని సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్లలేరుగా! అందుకే వెనక ఓ చిన్న కారు తగిలించుకుంటారు. దాని ముద్దుపేరు ‘టోడ్’... అంటే కప్ప. ‘లాక్కెళ్లేది’ అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటా అలాగే పలుకుతుంది మరి.

పెట్రోలు కలిసొస్తుందని హైబ్రిడ్ కొన్నవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. న్యూట్రల్‌లో పెడితే చక్రాలు ఊరికే దొర్లుతాయనుకుంటారు. టయోటా ప్రియస్‌లో అలా కుదరదు. ముందు చక్రాలతో పాటు మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. మంటలూ రావొచ్చని కంపెనీ మాన్యువలే హెచ్చరిస్తుంది. కాబట్టి ముందు చక్రాల్ని చిన్న ట్రాలీ మీదికి ఎక్కించాల్సిందే. అదే 2013-18 మోడళ్ల ఫోర్డ్ సి-మాక్స్ హైబ్రిడ్ అయితే నాలుగు చక్రాలమీదా నడిచొస్తుంది.

దానికైనా ముందు బంపరు వెనక ఫ్రేముకు ఇనుప పట్టీ బిగించి, టో బార్, అది ఊడినా కారు విడిపోకుండా తీగలు, లైట్లకు వైరింగూ అమర్చాలి. టన్నున్నర పైచిలుకు బరువు వెనకనుంచి తోస్తుంది కదా, కారులోనూ విడిగా బ్రేకు యంత్రం ఉండాలి. లంకె తెగితే దానంతటదే బ్రేకు పడే స్విచ్ సరేసరి.

అన్నీ కుదిరినా రివర్స్ చేయడానికి మాత్రం లేదు. దారి తప్పితే, కారు విప్పి, మోటార్‌హోమ్‌ని తిప్పుకుని, మళ్లీ తగిలించుకోవాలి!