మనూరే కదా, టీకా ఎందుకు?

డిసెంబరు మూడో వారం నుంచి తెనాలిలో మా క్లినిక్‌కి ఇంగ్లిషులో ఏడ్చే పిల్లల రాక మొదలవుతుంది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు దిగినవాళ్లు. వాంతులు, విరేచనాలు, కొందరికి వదలని జ్వరం. బయల్దేరేముందు అక్కడి డాక్టరుకు చూపించారా అని అడుగుతాను. తల్లి నా వంక వింతగా చూసి ‘మనూరే కదా మేడమ్, దానికి టీకాలెందుకు?’ అంటుంది. పక్కనే ఉన్న అమ్మమ్మ అవునన్నట్టు తలాడిస్తుంది.

ఆ ‘మనూరే కదా’తోనే నా పేచీ.

ఉద్యోగానికి ఉగాండాకో నైజీరియాకో వెళ్లే మనవాళ్లు ఎంత బుద్ధిగా ఉంటారో చూడండి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంకి వెళ్లి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ పచ్చకార్డు పాస్‌పోర్టులో భద్రంగా పెట్టుకుంటారు. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల వరకూ క్వారంటైన్‌లో ఉంచుతారు. మన దేశంలో ఆ జబ్బు లేదు గానీ, దాన్ని మోసుకు తిరిగే ఏడిస్ దోమ మన పూలకుండీల్లోనే కాపురముంటోంది. అందుకే అంత పట్టుదల. అడిగేవాడు ఉన్నాడు కాబట్టి టీకా పడుతుంది. శంషాబాద్‌లో దిగే అమెరికా పిల్లాణ్ణి టైఫాయిడ్ టీకా వేశారా అని ఎవరూ అడగరు.

అమెరికాలో బయటపడే టైఫాయిడ్ కేసుల్లో అధికభాగం విదేశీ ప్రయాణం చేసి వచ్చినవాళ్లవే. వాళ్లలోనూ ఎక్కువమంది మన దక్షిణాసియాలోని చుట్టాలింటికి వచ్చివెళ్లినవాళ్లు. ఇందులో వింతేమీ లేదు. తాజ్‌మహల్ చూడటానికొచ్చే టూరిస్టు హోటల్లో తిని, సీసా నీళ్లు తాగి వారంలో వెళ్లిపోతాడు. మనవాళ్లు నెలన్నర ఉంటారు. రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, పిల్లాడి పుట్టువెంట్రుకలకు తిరుపతి, మధ్యలో పిన్నిగారిల్లు, పెదనాన్నగారిల్లు. ప్రతి గడపలోనూ గ్లాసుడు నీళ్లు. వద్దంటే ‘అమెరికా వేషాలు’ అని అత్తగారు మూతి తిప్పుతారు. మేమంతా ఈ నీళ్లు తాగే పెరిగాం అంటారు. నిజమే, పెరిగినవాళ్లే ఆ మాట చెప్పగలరు. సన్నిపాత జ్వరంతో పోయిన అన్నలూ అక్కలూ పాత కుటుంబాల్లో చాలామందికే ఉన్నారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన తండ్రికి కూడా చిన్నప్పటి రక్షణ ఇంకా మిగిలి ఉందన్న భరోసా లేదు. అక్కడే పుట్టిన పిల్లాడికైతే మొదటినుంచీ లేదు.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. అమెరికాలో దొరికే టైఫాయిడ్ ఇంజెక్షన్ రెండేళ్లు దాటిన పిల్లలకే వేస్తారు. ఆరు నెలల పసివాడికి కూడా వేయగలిగే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మన హైదరాబాద్‌లోనే, భారత్ బయోటెక్‌లో తయారవుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫై చేసిన ఆ రకం టీకాల్లో మొదటిది అదే. కాబట్టి పెద్దపిల్లలకు బయల్దేరడానికి రెండు వారాల ముందు అక్కడే వేయించండి. చంటిపిల్లలకు అక్కడ టీకా లేని ఆ రెండేళ్లూ మరిగించి చల్లార్చిన నీళ్లే దిక్కు. తట్టు సంగతీ మరవొద్దు. విదేశం వెళ్లే ఆరు నుంచి పదకొండు నెలల పాపకు ఒక ఎంఎంఆర్ డోసు ముందుగానే వేయాలని అమెరికా సీడీసీయే చెబుతోంది. ఏడాది దాటాక మామూలు రెండు డోసులూ మళ్లీ వేయాల్సిందే.

నన్ను అన్నిటికంటే భయపెట్టేవి వీధికుక్కలు. అక్కడి పిల్లలకు కుక్కంటే సోఫా మీద పడుకునే నేస్తం. ఇక్కడ వీధి చివర కూర్చున్నదాన్ని కూడా నిమరబోతారు. అది గీరితే తిడతారని చెప్పరు. చెప్పాక ఇంట్లో పెద్దలు పసుపో కారమో అద్దుతారు. దయచేసి ఆ పని చేయకండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకురండి. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా పడాలి. కండకు వేసే పద్ధతిలో ఐదు డోసులు ఇరవై ఎనిమిది రోజులకు పూర్తవుతాయి. ఆఖరి డోసు నాటికి పిల్లాడు అట్లాంటాలో ఉండొచ్చు, అక్కడ ఆ చికిత్స బిల్లు వేల డాలర్లలో వస్తుంది. అదే ముందుగా వారం తేడాతో రెండు డోసులు వేయించుకుని వస్తే, కరిచినా రెండు బూస్టర్లు చాలు, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. నెలన్నర ఉండబోయే, నడక వచ్చిన పిల్లలకు ఇది అతి జాగ్రత్త అని నేననుకోను. అరకు, మారేడుమిల్లి ట్రిప్పు కూడా పెట్టుకున్నవాళ్లు మలేరియా మాత్రల గురించి అక్కడి డాక్టరునే అడిగి రావాలి. ఏజెన్సీ దోమకు గ్రీన్‌కార్డుతో పనిలేదు.

ఎదురు ప్రయాణంలోనూ ఇదే తంతు. కూతురి పురిటికి వెళ్లే అమ్మమ్మ సూట్‌కేసులో ఆవకాయ, కారప్పొడి, బాలింత కాయం ఇరవై మూడు కిలోల లెక్కకు సరిగ్గా సర్దుకుంటాయి. కోరింత దగ్గుకు వేసే టీడ్యాప్ టీకా మాత్రం ఉండదు. ఆ దగ్గు పెద్దవాళ్లలో మామూలు దగ్గులాగే ఉంటుంది, నెలల బిడ్డకు ఊపిరాడనివ్వదు. బిడ్డకు సొంత టీకా అక్కడ రెండో నెలలో గానీ మొదలవదు. అందుకే టీడ్యాప్, ఫ్లూ టీకాలు వేయించుకున్నారా అని అక్కడి డాక్టరు అడిగితే, మా ఊరి తాతగారొకరు ‘నా మనవణ్ణి నేనెత్తుకోవడానికి నాకు సూదా?’ అని ఇంటికొచ్చి అలిగారు. ఈ తగువులో నేను అక్కడి డాక్టరు పక్షమే. ఆ టీకాలు ఇక్కడ ప్రైవేటు క్లినిక్‌లలో దొరుకుతాయి, బిడ్డను ఎత్తుకోవడానికి రెండు వారాల ముందే వేయించుకుంటే చాలు. బీపీ, షుగర్ మందులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి, జెనరిక్ పేర్లతో రాసిన చీటీ కూడా. ఇన్సులిన్‌ను కింది సామానులో వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది.

విజయవాడలో టికెట్లు కోసే ఏజెంట్లు వీల్‌చైర్ కావాలా, వెజ్ భోజనమా, ఇన్సూరెన్సు తీసుకుంటారా అని అన్నీ అడుగుతారు. ఆ జాబితాలో టీకా మాట కూడా ఒకటి చేర్చమని వాళ్లనూ, అక్కడి తెలుగు సంఘాలనూ అడుగుతున్నాను. మనవాళ్లు సంక్రాంతి టికెట్లు చాలా ముందే కొంటారు. నేను చెప్పిన సూదులన్నిటికీ నెల రోజుల గడువు సరిపోతుంది.