నడిపి చూసినవాళ్లకే జవాబు తెలుస్తుంది

మెకానికల్, ఆటోమొబైల్ ఫైనలియర్ విద్యార్థులకు ఓ ప్రశ్న. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఎందుకు ఉండదు? గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుందని డిప్లొమా కుర్రాడు కూడా టక్కున చెప్పేస్తాడు. సరే, రెండో ప్రశ్న. చిన్న డీజిల్ కారు సెకండ్ గేర్‌లో ముందు బద్ధకంగా కదిలి, అంతలోనే ఎవరో వెనక నుంచి తోసినట్టు ఎందుకు దూకుతుంది? ఇక్కడ చాలామంది నీళ్లు నములుతారు. టర్బోచార్జర్ పాఠం చదివారు, మార్కులూ తెచ్చుకున్నారు. కానీ కారులో కూర్చుని దాన్ని గమనించలేదు.

అందుకే నేననేది ఒక్కటే. ఆటోమొబైల్ రంగంలో ఉద్యోగం కావాలంటే, ఇంటర్వ్యూకి వెళ్లేలోపు ఓ చిన్న డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌ను శ్రద్ధగా నడిపి చూడండి. కొనడానికి కాదు, నేర్చుకోవడానికి.

ఏ కారు అంటారా? స్విఫ్ట్ డీజిల్ చాలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది గానీ, పాతవి మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అందులోని 1248 సీసీ ఇంజిన్ ఫియట్ రూపొందించినది. ఫియట్ పుంటో, టాటా ఇండికా విస్టా డీజిల్ మోడళ్లలోనూ అదే వాడారు. బాబాయిదో, పక్కింటివాళ్లదో ఒకటి దొరక్కపోదు. లైసెన్స్ ఉంటే యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని నడపండి. లేకపోతే మీరే పక్క సీట్లో కూర్చుని గమనించండి. కొనేవాళ్లలా నటించి సెకండ్ హ్యాండ్ డీలర్ టైం మాత్రం తినొద్దు.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. స్టార్టవగానే వచ్చే టకటక మోత వినండి. పదిహేను నిమిషాలు తిరిగొచ్చాక మళ్లీ వినండి, తగ్గి ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉంటే ఇంధనం అంటుకోవడం కాస్త ఆలస్యమై, తర్వాత ఒక్కసారిగా మండుతుంది. పరీక్షలో మీరు రాసిన 'ఇగ్నిషన్ డిలే' ఆ మోతే.

ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేర్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నొక్కండి. మొదట పెద్దగా లాగదు. టర్బోను వేగంగా తిప్పేంత పొగ ఇంకా రావడం లేదు కాబట్టి. 2000 దగ్గరికి రాగానే ఊపందుకుంటుంది. తొలి స్విఫ్ట్ డీజిల్ గరిష్ఠ టార్క్ 190 న్యూటన్ మీటర్లు వచ్చేది సరిగ్గా అక్కడే. ఇప్పుడు ఏసీ వేసి, తర్వాత నలుగురిని ఎక్కించుకుని అదే పని చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇంటికొచ్చి ఒక పేజీ రాయండి. ఏం గమనించాను? ఎందుకలా జరిగింది? దాన్ని కొలవాలంటే ఎలా? తగ్గించాలంటే ఏం మార్చాలి? రెజ్యూమెలో 'హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్' అని అందరూ రాస్తారు. ఈ నాలుగు ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. కార్ల కంపెనీల్లో శబ్దం, కంపనాలు చూసే ఇంజినీర్లు, ఇంజిన్ కాలిబ్రేషన్ చేసేవాళ్లు రోజూ చేసే పని ఇదే. సర్వీస్ సెంటర్‌లో చేరినా అంతే. 'బండి లాగట్లేదండీ' అని కస్టమర్ వస్తే, అది లోపమో, ఆ ఇంజిన్ స్వభావమో చెప్పగలగాలి.

'డీజిల్ రోజులు అయిపోయాయి కదా, ఇప్పుడంతా ఎలక్ట్రిక్' అంటారా? నిజమే, చిన్న కార్లలో డీజిల్ దాదాపు కనుమరుగైంది. కానీ ఎలక్ట్రిక్ కారు నొక్కగానే ఎందుకు దూసుకెళ్తుందో బాగా వివరించగలిగేది డీజిల్ కారు తటపటాయింపు చూసినవాళ్లే. అక్కడ పొగ కోసం, టర్బో కోసం ఆగాల్సిన పని లేదు. మోటారు సున్నా వేగం నుంచే టార్క్ ఇస్తుంది. ఇంజిన్ మారినా, గమనించి కారణం వెతికే అలవాటు పనికొస్తూనే ఉంటుంది.

కోచింగ్‌కు వేలు పోసే ముందు ఒక ఆదివారం, రెండు లీటర్ల డీజిల్ దీనికి కేటాయించండి. డీజిల్ డబ్బులు మాత్రం బాబాయికి ఇచ్చేయండి!